మైక్రోటిక్ హెక్స్ సమీక్ష: ఆఫీసుకు రెండో నెట్ లైన్ పెట్టేవాళ్ల కోసం

రెండు ఇంటర్నెట్ లైన్లకు డబ్బు కడుతున్నా, మొదటి లైన్ పడిపోగానే ఆఫీసంతా చేతులు ముడుచుకుని కూర్చుంటోందంటే, తప్పు సాధారణంగా లైన్లది కాదు. వాటిని కలిపే రూటరుకు మొదటి లైన్ చచ్చిపోయిందని తెలియడం లేదు, అంతే. అందుకే బ్యాకప్ కోసం రూటరు కొనేటప్పుడు వేగం, పోర్టుల సంఖ్య కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పైకి బతికున్నట్టు కనిపిస్తూ లోపల చచ్చిన లైన్‌ని ఇది గుర్తుపడుతుందా? మైక్రోటిక్ హెక్స్, అంటే ఆర్‌బీ750జీఆర్3 మోడల్, గుర్తుపడుతుంది. కానీ డబ్బా విప్పి తీగలు గుచ్చినంత మాత్రాన కాదు, మనం నేర్పితేనే. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ నేర్పడం గురించే.

ముందు పెట్టె సంగతి. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ డబ్బా. 5 గిగాబిట్ పోర్టులు, 880 మెగాహెర్ట్జ్ డ్యూయల్ కోర్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్, 16 ఎంబీ స్టోరేజీ, ఒక యూఎస్‌బీ పోర్టు, ఒక మైక్రో ఎస్‌డీ స్లాటు. వైఫై లేదు, ఫ్యాన్ లేదు. వైఫై లేకపోవడం ఆఫీసుకు లోటేమీ కాదు. యాక్సెస్ పాయింట్లు ఎలాగూ వేరే ఉంటాయి, రూటరు ఉండే చోటు వైఫైకి మంచి చోటూ కాదు. పవర్ ఇన్‌పుట్ 8 నుంచి 30 వోల్టుల వరకు ఏదైనా తీసుకుంటుంది. ఇది చిన్న విషయంలా కనిపించే పెద్ద సౌకర్యం: 12 వోల్టుల మినీ యూపీఎస్ మీద నేరుగా నడపొచ్చు. ప్లగ్ సైజు సరిపోతుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

పవర్ మాటొచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేయాలి. రూటరు ఒక్కటే యూపీఎస్ మీద ఉండి, ఫైబర్ ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె) గోడ ప్లగ్గు మీద ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు. ఓఎన్‌టీ, రెండో లైన్ మోడెం, హెక్స్, ప్రధాన స్విచ్, యాక్సెస్ పాయింట్లకు పవర్ ఇచ్చే పీఓఈ స్విచ్ అన్నీ యూపీఎస్ మీదే ఉండాలి. రెండు లైన్ల పరికరాలూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు వేలాడుతుంటే, ఆ బోర్డు ఫ్యూజే మీ అసలు ఇంటర్నెట్ లైన్.

రెండో లైన్ ఎంపిక కూడా రూటరుకన్నా ముందే తేల్చుకోవాలి. రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్లు తీసుకున్నా, అవి ఒకే స్తంభం మీదుగా వస్తుంటే ఒకే దెబ్బకు రెండూ తెగుతాయి. మొదటిది ఫైబర్ అయితే రెండోది 4జీ, 5జీ లేదా రేడియో లింకు కావడం మేలు. హెక్స్ యూఎస్‌బీ పోర్టుకు 4జీ డాంగిల్ గుచ్చే వీలుంది, కానీ దాన్ని సిఫారసు చేయలేను. రూటరు ఉండేది సాధారణంగా ర్యాకులోనో, మెట్ల కింద అరలోనో. అక్కడ సిగ్నల్ ఉండదు. పైగా ఏ డాంగిల్‌ని గుర్తిస్తుంది, ఏది గంటల తరబడి వేడెక్కకుండా నడుస్తుంది అన్నది కొని చూస్తే తప్ప తెలియదు. ఈథర్‌నెట్ పోర్టున్న విడి 4జీ రూటరును కిటికీ దగ్గర పెట్టి, అక్కణ్నుంచి క్యాట్6 తీగ లాగండి. 100 మీటర్ల వరకు ఇబ్బంది లేదు.

లైన్ చచ్చే పద్ధతులు

లైన్ మూడు రకాలుగా పోతుంది. ఓఎన్‌టీకి కరెంటు పోవడమో, రూటరు వైపు తీగ ఊడటమో మొదటిది. పోర్టు లైటు ఆరిపోతుంది కాబట్టి ఏ రూటరుకైనా క్షణాల్లో తెలుస్తుంది. రెండోది, బయట ఫైబర్ తెగడం. ఓఎన్‌టీ మాత్రం బతికే ఉంటుంది, ఈథర్‌నెట్ లైటు పచ్చగా వెలుగుతూనే ఉంటుంది, దాని చిరునామా 192.168.1.1కి పింగ్ కొడితే (ఉన్నావా అని తట్టి చూస్తే) హాయిగా జవాబిస్తుంది. మూడోది, మన వీధి దాకా అంతా బాగానే ఉండి, కంపెనీ నెట్‌వర్కులో ఎక్కడో పైన దారి మూసుకుపోవడం. ఆఫీసుల్ని ఏడిపించేవి రెండో, మూడో రకాలే. గేట్‌వే (రూటరు ట్రాఫిక్‌ని అప్పగించే తర్వాతి పెట్టె) ఒక్కదాన్నే పింగ్ చేసే రూటరు ఈ రెండింటిలో బోల్తా పడుతుంది. పీపీపీఓఈ కనెక్షన్‌ని (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కంపెనీకి లాగిన్ అయ్యేది) హెక్స్‌లోనే పెట్టుకున్నవాళ్లకు రెండో రకంలో సెషన్ తెగిపోతుంది కాబట్టి కొంత నయం. మూడో రకంలో వాళ్లకూ దిక్కు లేదు.

హెక్స్‌లో నడిచే రూటర్‌ఓఎస్ దీనికిచ్చే పరిష్కారం రికర్సివ్ రూటింగ్. డిఫాల్ట్ రూటుకు (ఇంటర్నెట్‌కు పోయే ట్రాఫిక్ పట్టే దారికి) గేట్‌వేగా కంపెనీ గేట్‌వేని కాకుండా, ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న నమ్మకమైన చిరునామాను ఇస్తాం. ఆ చిరునామాకు దారి మొదటి లైన్ గుండానే అని విడిగా ఇంకో రూటు రాస్తాం. ఆ చిరునామా పింగ్‌కు పలికినంతసేపూ మొదటి లైన్ బతికున్నట్టు. పలకడం మానేస్తే డిఫాల్ట్ రూటు పడిపోయి రెండోది లేస్తుంది. లైన్ చివరిదాకా తట్టి చూసే పద్ధతి ఇది. ఈ ఒక్క గుణం కోసమే ఈ పెట్టెను కొనొచ్చు.

అమర్చే వరుస

క్విక్ సెట్ అనే సులువు సెట్టింగుల పేజీలో రెండు లైన్ల ఫెయిల్‌ఓవర్‌కు (ఒకటి పోతే రెండోదానికి మారడానికి) చోటు లేదు. దాన్ని వెతుకుతూ కాలం వృథా చేసుకోవద్దు. మొదటి లైన్‌ని 1వ పోర్టుకు, రెండోదాన్ని 2వ పోర్టుకు, ల్యాప్‌టాప్‌ని 3, 4, 5 పోర్టుల్లో ఒకదానికి తగిలించి, విన్‌బాక్స్ (మైక్రోటిక్ సెట్టింగుల ప్రోగ్రాం) తెరిచి, ఐపీతో కాకుండా మ్యాక్ చిరునామాతో లోపలికి వెళ్లండి. వెళ్లగానే సేఫ్ మోడ్ బటన్ నొక్కండి. పొరపాటున మన దారి మనమే మూసుకుంటే, కనెక్షన్ తెగిన కాసేపటికి మార్పులన్నీ వెనక్కి వెళ్తాయి. పని అయ్యాక దాన్ని ఆఫ్ చేయడం మరిచిపోతే చేసినదంతా పోతుంది, అదీ గుర్తుంచుకోండి.

మొదట సబ్‌నెట్లు, అంటే ఒక్కో నెట్‌వర్కు వాడే చిరునామాల శ్రేణి. ఓఎన్‌టీ, 4జీ రూటరు రెండూ 192.168.1.1 మీదే ఉంటే ఏదీ సరిగా పనిచేయదు. 4జీ రూటరును 192.168.20.1కి మార్చండి. హెక్స్ లోపలి నెట్‌వర్కు ఫ్యాక్టరీ నుంచే 192.168.88.0లో ఉంటుంది, దాన్ని అలాగే వదిలేసినా ఫర్వాలేదు.

తర్వాత ఈథర్2ను (2వ పోర్టును) బ్రిడ్జ్, అంటే లోపలి పోర్టుల గుంపు, నుంచి తీసేసి, ఇంటర్‌ఫేస్ లిస్టులో వ్యాన్ (బయటి లైన్ల) జాబితాకు చేర్చండి. ఈ చేర్చడాన్ని చాలామంది వదిలేస్తారు. దాని ఫలితం రెండు రకాలుగా ఉంటుంది. మాస్కరేడ్ నియమం (లోపలి చిరునామాలను లైన్ ఐపీగా మార్చేది) వ్యాన్ జాబితాకే వర్తిస్తుంది కాబట్టి రెండో లైన్ గుండా నెట్ రాదు. అది కనిపించే నష్టం. కనిపించనిది ఇంకోటుంది: బయటి నుంచి లోపలికి వచ్చే ట్రాఫిక్‌ని ఫార్వర్డ్ చైన్‌లో (రూటరు గుండా దాటే ట్రాఫిక్‌కు ఫైర్‌వాల్ పెట్టే నియమాల వరుసలో) అడ్డుకునే నియమం కూడా ఆ జాబితానే చూస్తుంది. జాబితాలో లేని ఈథర్2 వైపు ఆ కాపలా ఉండదు. ఎవరో సలహా ఇచ్చారని విడిగా ఒక మాస్కరేడ్ నియమం రాసి నెట్ తెప్పించుకుంటే, కాపలా లేని తలుపుతోనే ఆఫీసు నడుస్తుంటుంది.

రెండు పోర్టులకూ డీహెచ్‌సీపీ క్లయింట్ (అవతలి పెట్టె నుంచి ఐపీ అడిగి తెచ్చుకునేది) పెట్టి, రెండింట్లోనూ యాడ్ డిఫాల్ట్ రూట్‌ని ‘నో’ చేయండి. దాన్ని ‘యెస్’గా వదిలితే ఏ పరీక్షా లేని డిఫాల్ట్ రూటు ఒకటి డిస్టెన్స్ 1తో (అంకె ఎంత చిన్నదైతే దారికి అంత ముందు వరస) వచ్చి కూర్చుంటుంది, మనం రాసే రూట్లన్నీ దండగ. యూజ్ పీర్ డీఎన్‌ఎస్ కూడా ‘నో’. కారణం: చాలా కంపెనీల డీఎన్‌ఎస్ సర్వర్లు (వెబ్‌సైటు పేరుకు ఐపీ చెప్పేవి) తమ ఖాతాదారులకే జవాబిస్తాయి. రెండో లైన్ మీదికి మారాక మొదటి కంపెనీ సర్వర్‌ని అడిగితే మౌనమే సమాధానం. లైన్ మారినా వెబ్‌సైట్లు తెరుచుకోవు, ఫెయిల్‌ఓవర్ పనిచేయలేదని అనుకుంటారు. రూటరు డీఎన్‌ఎస్‌కు అందరికీ జవాబిచ్చే 1.1.1.1, 9.9.9.9 ఇవ్వండి.

ఇప్పుడు రూట్లు. 8.8.4.4కి గేట్‌వే 192.168.1.1, స్కోప్ 10 (ఈ రూటు మీద ఇంకో రూటు ఆధారపడొచ్చో లేదో తేల్చే అంకె). అలాగే 208.67.220.220కి కూడా అదే గేట్‌వే, అదే స్కోప్. ఇవి మొదటి లైన్ కాపలాదార్లు. ఆ పైన మూడు డిఫాల్ట్ రూట్లు: 8.8.4.4 గుండా డిస్టెన్స్ 1, 208.67.220.220 గుండా డిస్టెన్స్ 2, ఈ రెండింటికీ టార్గెట్ స్కోప్ 11, చెక్ గేట్‌వే పింగ్. మూడోది 192.168.20.1 గుండా డిస్టెన్స్ 3. ఇలా రాస్తే కాపలాదార్లు ఇద్దరూ మూగబోతేనే ట్రాఫిక్ రెండో లైన్‌కు వెళ్తుంది. ఒక్క చిరునామానే నమ్ముకుంటే, ఆ సర్వరు ఏ కారణంతోనో పింగ్‌లకు పలకని రోజున బాగున్న లైన్‌ని వదిలేసి సిమ్ డేటా కాల్చుకోవాల్సి వస్తుంది. టార్గెట్ స్కోప్ 11 అన్నది రూటర్‌ఓఎస్ 7కి సంబంధించిన లెక్క. 6 కోసం రాసిన పాత పాఠాల్లో 10 ఉంటుంది. ఆ పాత పాఠాన్ని 7లో యథాతథంగా దించితే రూటు యాక్టివ్ కాదు, కారణం తెలియక జుట్టు పీక్కోవాలి.

ఓఎన్‌టీ బ్రిడ్జ్ మోడ్‌లో (తను రూటరుగా పనిచేయకుండా లైన్‌ని నేరుగా హెక్స్‌కు అందిస్తూ) ఉండి, కంపెనీ గేట్‌వే డీహెచ్‌సీపీ ద్వారా మారుతూ ఉంటే, ఆ రెండు కాపలా రూట్లలో గేట్‌వేని కొత్తదానికి మార్చే చిన్న స్క్రిప్టును డీహెచ్‌సీపీ క్లయింట్‌లోనే రాసుకోవాలి. లేదంటే గేట్‌వే మారిన రోజున రెండు కాపలా రూట్లూ పాత గేట్‌వే వైపే చూస్తూ, బాగున్న లైన్‌ని పోయినట్టు లెక్కగడతాయి.

కాపలాకు పెట్టిన చిరునామాను ఆఫీసులో ఎవరూ డీఎన్‌ఎస్‌గా వాడకూడదు. ఈ మాటను పెద్ద అక్షరాలతో రాసి ర్యాకుకు అంటించినా తప్పులేదు. 8.8.4.4కి దారి మొదటి లైన్‌కే కట్టేశాం కదా. ఆ లైన్ పోయాక కూడా దానికి పోయే ప్యాకెట్లు చచ్చిన లైన్ వైపే వెళ్తాయి. ఎవరి కంప్యూటర్లోనైనా డీఎన్‌ఎస్ చేత్తో 8.8.4.4 అని పెట్టి ఉంటే, అందరికీ నెట్ వచ్చినా ఆ ఒక్కరికి రాదు.

ఎంతసేపట్లో మారుతుంది, ఎక్కడ తడబడుతుంది

చెక్ గేట్‌వే 10 సెకన్లకోసారి తడుతుంది, వరసగా రెండుసార్లు జవాబు రాకపోతే గేట్‌వే పోయిందని తేలుస్తుంది. అంటే సుమారు 20 సెకన్లు. ఈ అంకెను తగ్గించుకునే వీలు ఆ సెట్టింగులో లేదు. మెయిల్, వెబ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఇది చాలు. నడుస్తున్న వాయిస్ కాల్ మాత్రం తెగుతుంది. ఐపీ మారుతుంది కాబట్టి 2 సెకన్లలో మారినా తెగేదే.

అసలు చిక్కు సగం చచ్చిన లైన్‌తో. లెక్క వేసి చూడండి. లైన్లో 30 శాతం ప్యాకెట్లు పోతున్నాయనుకుందాం. వరసగా రెండు పింగ్‌లు పోవడానికి సగటున 14 తట్టులు చాలు, అంటే రెండున్నర నిమిషాలకోసారి రూటు పడిపోతుంది. ఆ తర్వాత ఒక్క పింగ్‌కు జవాబు రాగానే లేస్తుంది. ఇలా రోజంతా అటూ ఇటూ ఊగుతూ ఉంటే, ప్రతి ఊపుకూ అందరి లాగిన్లూ తెగుతాయి. లైన్ పూర్తిగా పోవడంకన్నా ఇది ఘోరం. పైన చెప్పిన ఇద్దరు కాపలాదార్ల ఏర్పాటు ఊగడాన్ని బాగా తగ్గిస్తుంది, ఎందుకంటే రెండూ ఒకేసారి పడాలి. కానీ అది కూడా పాడైన లైన్ మీదే ఆఫీసును ఉంచుతుంది, అది వేరే బాధ.

దీనికి మందు నెట్‌వాచ్, అంటే ఒక చిరునామాను గమనిస్తూ స్థితి మారగానే స్క్రిప్టు నడిపే సాధనం. 7వ వెర్షన్‌లో నెట్‌వాచ్‌కు ఐసీఎంపీ (పింగ్) రకం పరీక్ష ఉంది. ఒక్కో విడతకు కొన్ని పింగ్‌లు పంపి, ఎంత శాతం పోతే లైన్ పాడైనట్టో మనమే చెప్పొచ్చు. 20 శాతం దగ్గర మొదలుపెట్టండి. డౌన్ స్క్రిప్టులో మొదటి లైన్ డిఫాల్ట్ రూట్లను డిసేబుల్ చేయాలి. అప్ స్క్రిప్టులో వెంటనే ఎనేబుల్ చేయకూడదు. 5 నిమిషాలు ఆగి, అప్పటికీ స్థితి ‘అప్’గానే ఉందో చూసి, ఆ తర్వాతే చేయాలి. వెళ్లడంలో తొందర, తిరిగి రావడంలో నిదానం ఉండాలి. నెట్‌వాచ్ తట్టే చిరునామాకు కూడా మొదటి లైన్ గుండా విడి రూటు తప్పనిసరి. అది లేకపోతే, రెండో లైన్‌కు మారగానే పింగ్ ఆ రెండో లైన్ గుండా వెళ్లి జవాబు తెస్తుంది, మొదటి లైన్ బాగైందనుకుని వెనక్కి మారుతుంది, మళ్లీ పోతుంది. దీనికి ఇంకో తాళం: అదే చిరునామాకు డిస్టెన్స్ 20తో ఒక బ్లాక్‌హోల్ రూటు (ప్యాకెట్లను మింగేసే దారి). మొదటి లైన్ పోర్టు పూర్తిగా ఆరిపోయినా పింగ్ పక్కదారి పట్టదు.

లైన్ మారినా ఫోన్లు మోగకపోతే

అంతా సరిగా అమర్చాక కూడా మిగిలే ఫిర్యాదు ఇది: బ్రౌజింగ్ వస్తోంది, డెస్కుల మీది ఐపీ ఫోన్లు మాత్రం చచ్చిపోయాయి. కారణం కనెక్షన్ ట్రాకింగ్. ఫోను, సర్వరు మధ్య యూడీపీ సంభాషణ మొదలైనప్పుడు దానికి మొదటి లైన్ ఐపీ అంటగట్టి రూటరు ఒక పద్దు రాసుకుంటుంది. పోర్టు ఆరిపోతే మాస్కరేడ్ ఆ పద్దుల్ని తనే చెరిపేస్తుంది. కానీ ఫైబర్ బయట తెగినప్పుడు పోర్టు వెలుగుతూనే ఉంటుంది కదా, పద్దులు అలాగే మిగులుతాయి. ఫోను కొన్ని సెకన్లకోసారి కీప్ అలైవ్ పంపుతుంది కాబట్టి ఆ పద్దు గడువు ఎప్పటికీ తీరదు. ప్యాకెట్లు రెండో లైన్ గుండా, మొదటి లైన్ ఐపీతో బయల్దేరతాయి. వాటికి జవాబు రాదు. ఫోన్లన్నీ రీస్టార్ట్ చేసినా, అవి పాత పోర్టు నంబరే వాడితే అదే పద్దులో ఇరుక్కుంటాయి. రూటరును రీస్టార్ట్ చేస్తే బాగవుతుంది, అందుకే అందరూ రూటరునే తిడతారు.

నెట్‌వాచ్ డౌన్, అప్ స్క్రిప్టులు రెండింట్లోనూ, రూట్లు మార్చిన వెంటనే, కనెక్షన్ పద్దులు తొలగించే వరుస ఒకటి చేర్చండి. అన్నీ తుడిచేస్తే సులువు. చిన్న ఆఫీసుకు అది చాలు. కొంచెం శ్రద్ధ పెట్టేవాళ్లు రిప్లై డెస్టినేషన్ అడ్రస్‌లో వదిలేస్తున్న లైన్ ఐపీ ఉన్న పద్దుల్నే తీసేయొచ్చు. దాంతోపాటు ఫోన్లలో రిజిస్ట్రేషన్ గడువును 3600 సెకన్ల నుంచి 120కి దించండి. ఫోను మళ్లీ రిజిస్టర్ అయ్యేదాకా సర్వరు దగ్గర పాత చిరునామానే ఉంటుంది, లోపలికొచ్చే కాల్స్ అటే పోతుంటాయి.

బయటి నుంచి లోపలికి వచ్చే సేవల విషయంలో హెక్స్ చేయగలిగింది తక్కువ. 4జీ లైన్లలో తరచుగా ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతారు. పోర్టు ఫార్వర్డింగ్ అక్కడ కుదరదు. బ్రాంచి ఆఫీసులకు వైర్‌గార్డ్ వీపీఎన్ టన్నెల్ ఉంటే, ఇటు వైపు నుంచే కనెక్షన్ మొదలయ్యేలా చేసి పర్సిస్టెంట్ కీప్ అలైవ్ 25 సెకన్లు పెట్టండి. మీ ఐపీని తమ అనుమతి జాబితాలో పెట్టుకున్న సంస్థలు ఉంటే, రెండో లైన్‌కు స్థిరమైన ఐపీ తీసుకుని దాన్నీ వాళ్లకు ముందే ఇవ్వాలి.

సిమ్ డేటా కాపాడుకోవడం

2 ఎంబీపీఎస్‌తో క్లౌడ్‌కు ఎక్కించే ఒక సీసీ కెమెరా గంటకు 900 ఎంబీ తింటుంది. అలాంటివి 8 ఉంటే గంటకు 7 జీబీ పైనే. అసలు పని మొదలయ్యేలోపే ప్యాకేజీ అయిపోతుంది. కెమెరాలు, అతిథుల వైఫై, రాత్రి బ్యాకప్ తీసే సర్వరు వీటి చిరునామాలన్నీ ఒక అడ్రస్ లిస్టులో పెట్టి, ఆ జాబితా నుంచి ఈథర్2 గుండా బయటికి పోయేదాన్ని డ్రాప్ చేసే నియమం రాయండి. అది ఫాస్ట్‌ట్రాక్ నియమానికి (నడుస్తున్న కనెక్షన్లను ఫైర్‌వాల్ తనిఖీ లేకుండా వేగంగా దాటించేది) పైన ఉండాలి. కింద ఉంటే నడుస్తున్న కనెక్షన్లు దాన్ని దాటేసి పోతాయి.

ఫాస్ట్‌ట్రాక్‌ను మాత్రం ఆపేయొద్దు. ఈ ప్రాసెసరు గిగాబిట్ దరిదాపుల్లో పరుగెత్తేది దాని చలవతోనే. రెండు లైన్ల మీదా ఒకేసారి ట్రాఫిక్ పంచాలని మ్యాంగిల్ నియమాలు (ప్యాకెట్లకు గుర్తులు వేసేవి) రాసేవాళ్లు ఫాస్ట్‌ట్రాక్‌ను వదులుకోవాలి, వేగం బాగా పడిపోతుంది. బ్యాకప్ కోసమే అయితే ఆ పంపకం జోలికి పోకపోవడమే మంచిది.

లోపాలు

16 ఎంబీ స్టోరేజీ ఇరుకు. రూటర్‌ఓఎస్ 7 ఎక్కాక మిగిలేది కొంచెమే. బ్యాకప్ ఫైళ్లు లోపలే దాచుకుంటే అప్‌డేట్ వేసేటప్పుడు చోటు చాలక ఆగిపోతుంది. వాటిని కంప్యూటర్లోకి దించుకుని చెరిపేయండి. అప్‌డేట్ కూడా రెండు దశలు: ముందు ప్యాకేజీ వేసి రీస్టార్ట్, తర్వాత రూటర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్ వేసి ఇంకో రీస్టార్ట్. అప్‌డేట్లు వాయిదా వేసే అలవాటున్న చోట ఈ పెట్టె పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. 2018లో విన్‌బాక్స్ లోపం ఒకటి బయటపడి, 6.42.1తో సరిచేశాక కూడా, అప్‌డేట్ వేయని రూటర్లు పెద్ద ఎత్తున దాడులకు గురయ్యాయి. టెల్నెట్, ఎఫ్‌టీపీ, ఏపీఐ సేవలు ఆపేసి, విన్‌బాక్స్‌ను లోపలి నెట్‌వర్కుకే పరిమితం చేయండి.

అన్నిటికన్నా పెద్ద లోపం, దీన్ని అర్థం చేసుకునే మనిషి ఆఫీసులో ఒకరుండాలి. అలాంటివాళ్లు లేనిచోట టీపీ-లింక్ ఈఆర్605 లాంటిది నయం. అందులో లింక్ బ్యాకప్, ఆన్‌లైన్ డిటెక్షన్ పేజీలు మామూలు టిక్ పెట్టెలతోనే ఉంటాయి. డిటెక్షన్‌ను మ్యాన్యువల్‌కు మార్చి బయటి చిరునామా ఇవ్వడం మాత్రం మరవకూడదు.

పరీక్ష

రూటరు నుంచి తీగ పీకి, రెండో లైన్ వచ్చిందని సంబరపడితే అది మొదటి రకం చావును పరీక్షించినట్టు మాత్రమే. ఓఎన్‌టీ వెనక ఉండే ఫైబర్ కనెక్టరును, సాధారణంగా ఆకుపచ్చ మూతి ఉన్నదాన్ని, మెల్లగా బయటికి లాగండి. మొన మీద వేలు పెట్టొద్దు, దుమ్ము మూత తొడగండి. అంతకుముందే ఒక కంప్యూటర్లో 1.1.1.1కి ఆగని పింగ్, ఒక ఐపీ ఫోనులో కాల్, ఒక వీపీఎన్ సెషన్ నడుస్తూ ఉండాలి. ఎన్ని పింగ్‌లు పోయాయో, ఫోను ఎంతసేపటికి మళ్లీ రిజిస్టర్ అయిందో, కెమెరాల ట్రాఫిక్ ఈథర్2లో కనిపిస్తోందో రాసుకోండి. తర్వాత ఫైబర్ తిరిగి గుచ్చి, 5 నిమిషాల నిదానం పనిచేస్తోందో, వెనక్కి మారినప్పుడు ఫోన్లు మళ్లీ ఇరుక్కుంటున్నాయో చూడండి. వెళ్లే దారి పరీక్షించి, తిరిగొచ్చే దారిని వదిలేయడం ఎక్కువగా జరిగే పొరపాటు.

వాడకుండా పడి ఉన్న రెండో లైన్ చడీచప్పుడూ లేకుండా చస్తుంది: సిమ్ గడువు తీరుతుంది, 4జీ రూటరు అడాప్టర్ కాలిపోతుంది. దానికీ ఒక నెట్‌వాచ్ పెట్టి, తట్టే చిరునామాకు ఈథర్2 గుండా విడి రూటు రాసి, డౌన్ అయితే మెయిల్ వచ్చేలా చేయండి. ఆ పింగ్‌లకయ్యే డేటా లెక్కలోకి రానంత. కాన్ఫిగరేషన్‌ను ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు ఒకటి, అదే మోడల్ హెక్స్ ఇంకొకటి అలమారలో ఉంచండి. రెండు లైన్లూ ఈ ఒక్క పెట్టె గుండానే పోతున్నాయి.